ఫోన్ చేసేది అప్పులవాళ్లు కాదని వదినకి ఎలా చెప్పను?

ఎనిమిది పేజీల ఉత్తరం. పిల్లల నోట్‌బుక్‌లోంచి చింపిన రూళ్ల కాగితాలు. ఒకదాని వెనక సగం చేసి వదిలేసిన భాగహారం లెక్క ఉంది. రాసినావిడ పేరు పెట్టలేదు. ఊళ్ల పేర్లు రాశారు గానీ వాటిని నేనే తీసేశాను. సంగతి క్లుప్తంగా ఇది.

వయసు 36. ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. భర్త లారీ డ్రైవరు, 2017లో జబ్బు చేసి పోయారు. ఆసుపత్రిలో ఆయనకి హెచ్‌ఐవీ అని తేలినప్పుడే ఈవిడకీ పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. అబ్బాయికీ అమ్మాయికీ చేశారు, ఇద్దరికీ లేదు. ఆ నెలలోనే ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి, మొదలుపెట్టారు. అప్పటినుంచి నెలనెలా వెళ్లి తెచ్చుకుంటూనే ఉన్నారు. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేసిన ప్రతిసారీ వైరస్ కనపడలేదనే వచ్చేది.

కిందటి సంక్రాంతి తర్వాత అత్తగారింట్లో మాటా మాటా పెరిగి, పిల్లల్ని తీసుకుని గుంటూరు దగ్గర ఉన్న అన్న ఇంటికి వచ్చేశారు. అన్నకీ వదినకీ అసలు విషయం తెలియదు. బావగారు లివరు చెడి పోయారనే వాళ్లు ఇప్పటికీ అనుకుంటున్నారు. ఈవిడ మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి కుదిరారు. శని, ఆదివారాలు పని ఉండదు. మందులిచ్చే సెంటరేమో పాత జిల్లాలో ఉండిపోయింది.

ఇక్కడినుంచి ఆవిడ మాటల్లోనే: "బస్సు టికెట్టు ఇప్పుడు ఆడవాళ్లకి లేదు, నిజమే. ఆ రోజు కూలి ఎవరిస్తారు? మొదటి నెల అందుకే వెళ్లలేదు. ఉన్న మాత్రల్ని రోజు విడిచి రోజు వేసుకున్నాను. డబ్బా ఊపితే గలగలమంటుందని పేపర్లో చుట్టి మినుముల డబ్బాలో దాచాను. రెండో నెల వెళ్దామంటే భయం వేసింది. ఇదివరకు ఒకసారి పది రోజులు ఆలస్యంగా వెళ్తేనే కౌన్సెలర్ మేడం అందరి ముందూ ‘చచ్చిపోదామనుందా’ అని అరిచింది. రెండు నెలలు అంటే ఏమంటుందో అని ఆగిపోయాను. అలా ఐదు నెలలైంది.

"ఒకరోజు నేను స్నానానికి వెళ్తే ఫోన్ వదిన ఎత్తింది. ‘ఎవరో మేడం, తారీఖు దాటిపోయింది, ఎప్పుడొస్తారని అడుగుతోంది. ఫైనాన్స్ వాళ్లా? ఎంత తీసుకున్నావ్?’ అని నిలదీసింది. నేను అవునన్నట్టు తల ఊపాను. అప్పు అనుకుంటే అనుకోనీ, ఆ సంగతి తెలియకపోతే చాలనిపించింది. తర్వాత ఒకావిడ సంచీ వేసుకుని ఇంటికే వచ్చింది. మొదట్లో పేరు రాయించుకున్నప్పుడు అన్న అడ్రసు కూడా ఇచ్చానులెండి. వదిన గుమ్మంలోనే నిలబెట్టి, ‘ఆడకూతురు మొగుడు పోయి ఏడుస్తుంటే వసూళ్లకి వస్తారా’ అని దులిపేసింది. ఆవిడ మాట్లాడకుండా వెళ్లిపోయింది. నేను సిమ్ము మార్చేశాను. ఇప్పుడు నేను మళ్లీ అప్పు చేస్తానేమోనని నా కూలి డబ్బులు అన్న తన దగ్గరే ఉంచుకుంటున్నాడు."

చివరి పేజీలో హడావుడిగా నాలుగు ముక్కలు: మూడు వారాలుగా దగ్గు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం, జాకెట్లు వదులవడం, కడుపులో మంటకి రోజూ గ్యాస్ టానిక్ తాగడం. తర్వాత ప్రశ్నలు. మినుముల డబ్బాలో ఇంకా పద్దెనిమిది మాత్రలున్నాయి, మొదలుపెట్టనా? సెంటరుకి వెళ్తే మళ్లీ చేర్చుకుంటారా? ఆ ఫోన్లు, ఇంటికి రావడాలు ఆపేదెలా? వదినకి చెప్పేయనా?

అమ్మా, మీ ప్రశ్నలకి వస్తాను. ముందు మీరు ప్రశ్నగా అడగకుండా వదిలేసిన దగ్గు సంగతి చూద్దాం.

మిరపకాయల దగ్గర అందరూ దగ్గుతారు, కాదనను. సీజన్లో గుంటూరు యార్డు పక్క రోడ్డున పోయేవాళ్లకే గొంతు పట్టేస్తుంది. కానీ ఘాటుకి వచ్చే దగ్గు ఇంటికొచ్చి మొహం కడుక్కుని కాసేపు కూర్చుంటే నెమ్మదిస్తుంది. పని లేని శని, ఆదివారాల్లో తెరిపి ఇస్తుంది. దానివల్ల సాయంత్రం జ్వరం రాదు, జాకెట్లు వదులవవు. సెంటరుకి వెళ్లిన ప్రతిసారీ మిమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్లు, గుర్తుందా? దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? అవి టీబీని పసిగట్టడానికి అడిగేవి. వాటిలో మూడింటికి అవునన్న జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. టీబీయేనని నేను అనడం లేదు. కళ్లె పరీక్ష చేస్తే తేలుతుంది, ప్రభుత్వ ఆసుపత్రిలో దానికి డబ్బు తీసుకోరు. ఒకవేళ ఉన్నా నయమయ్యేదే. కాకపోతే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణాల్ని ఎక్కువగా తీసేది టీబీయే కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఇంట్లో మీ పిల్లలు, అన్న పిల్లలు ఉన్నారు కూడా. మిగతావన్నీ తేలకపోయినా దీనికోసం ఈ శనివారంలోపే వెళ్లాలి.

ఇందులో మీకు పనికొచ్చేది ఇంకొకటుంది. "దగ్గు తగ్గడం లేదు, పెద్దాసుపత్రిలో చూపించుకొస్తాను" అని వదినకి చెప్పొచ్చు. అది అబద్ధం కాదు, ఎవరూ అడ్డు చెప్పే మాటా కాదు.

ఆ పద్దెనిమిది మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. డబ్బాలో మాత్రలతోపాటు ఒక చిన్న పొట్లం ఉంటుంది చూడండి, తేమ పీల్చుకోవడానికి పెడతారు దాన్ని. ఆ డబ్బాలోంచి తీసి పేపర్లో చుట్టి నెలల తరబడి ఉంచిన మాత్ర ఎలా ఉందో చెప్పలేం. అంతకన్నా ముఖ్యం, టీబీ అని తేలితే లెక్క మారుతుంది. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ మీ మాత్రలోని డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది. అందుకని పన్నెండు గంటల తేడాతో డోలుటెగ్రావిర్ ఒకటి అదనంగా ఇస్తారు. ఏది ముందు, ఏది ఎన్నాళ్ల తర్వాత అన్నది డాక్టరే చూడాలి. పైగా పద్దెనిమిది రోజులు వేసుకుని అయిపోగానే మళ్లీ ఆగిపోతే ఏం లాభం? ఆ పొట్లం సంచీలో పెట్టుకుని తీసుకెళ్లండి. పారేయకండి, ఎన్ని మిగిలాయో చూస్తే ఎప్పుడు ఆగిందో వాళ్లకి అర్థమవుతుంది.

ఇన్నాళ్లు ఆపేశాను, ఇక మందు పనిచేయదేమో అన్న బెంగ మీ రాతలో కనపడుతోంది. ఇన్నేళ్లు వైరస్ కనపడకుండా ఉందంటే ఆ మందు మీకు పడింది. ఆపేస్తే కొన్ని వారాల్లో వైరస్ మళ్లీ పెరుగుతుంది, అది వేరే సంగతి. అంతమాత్రాన మందు చెడిపోయినట్టు కాదు. సాధారణంగా అదే మాత్ర మళ్లీ మొదలుపెట్టి, కొన్ని నెలల తర్వాత వైరల్ లోడ్ చేసి చూస్తారు. నిజానికి పూర్తిగా ఆపడం కన్నా రోజు విడిచి రోజు వేసుకోవడంతోనే చిక్కు. ఒంట్లో మందు అరకొరగా ఉన్నప్పుడే వైరస్ దానికి అలవాటు పడుతుంది. పొదుపు చేస్తున్నాననుకుని చాలామంది ఇదే పని చేస్తారు. ఆ గ్యాస్ టానిక్ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. ఈ మాత్ర టానిక్‌కి రెండు గంటల ముందైనా వేసుకోవాలి, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. రెండూ ఒకేసారి పడితే మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు.

ఇక మీ వదిన దులిపేసిన ఆ సంచీ ఆవిడ గురించి.

మీకిచ్చిన తారీఖున మీరు రాకపోతే మీ పేరు రానివాళ్ల లిస్టులోకి వెళ్తుంది. ముందు సెంటరు వాళ్లు ఫోన్ చేస్తారు. దొరకకపోతే ఆ లిస్టు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి అండగా ఉండే కేర్ అండ్ సపోర్ట్ సెంటర్ చేతికి వెళ్తుంది. విహాన్ అనే కార్యక్రమం కింద 2013లో దేశమంతా ఇలాంటివి మొదలయ్యాయి. వాటి తరఫున ఇళ్లకి తిరిగి కనుక్కునే ఔట్‌రీచ్ వర్కర్లలో చాలామంది తామే హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు. మీ ఇంటికొచ్చినావిడ కూడా రోజూ రాత్రి మీరు వేసుకున్న మాత్రే వేసుకుని పడుకుంటూ ఉండొచ్చు.

ఒకటి గమనించారా? మీ వదిన అన్ని మాటలంటుంటే, "అమ్మా, నేను వసూళ్లకి రాలేదు, ఆసుపత్రి నుంచి వచ్చాను" అని ఆవిడ ఒక్క ముక్క అనలేదు. అప్పులవాళ్ల మనిషన్న నింద మోసుకుని వెళ్లిపోయింది. ఎందుకు అనలేదో మీకు తెలుసు.

ఇలా ఒక మనిషిని పట్టుకుని చికిత్స కొనసాగేలా చూసే పనిని ఇంగ్లీషులో కేస్ మేనేజ్‌మెంట్ అంటారు. పేరు పెట్టినవాళ్లకి మన ఊళ్లలో ‘కేసు’ అంటే పోలీసు స్టేషనే గుర్తొస్తుందని తెలియదు పాపం. పేరు సంగతి వదిలేయండి, పని మాత్రం మంచిది. డాక్టరు మీ రక్తం చూస్తాడు, ఫార్మసిస్టు మాత్రలు లెక్కపెట్టి ఇస్తాడు. మీరు ఎందుకు రాలేకపోయారో కనుక్కోవడం ఇద్దరి పనీ కాదు. మీ ఉత్తరమే మళ్లీ చదివి చూడండి. మాత్ర చేదుగా ఉందని గానీ పడటం లేదని గానీ ఎక్కడా లేదు. దూరం, కూలి, అరిచిన మేడం, గలగలలాడే డబ్బా, వదిన. మందు ఆగింది వీటి దగ్గర. వీటిని ఒక్కొక్కటే పట్టుకుని దారి వెతకడానికే ఆ మనిషిని పెట్టారు. మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్ 1న. అప్పట్లో అసలు మందు దొరకడమే గగనం. 2017 నుంచి సీడీ4, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తిని చెప్పే లెక్క, ఎంతున్నా అందరికీ ఇస్తున్నారు. ఇప్పుడు మాత్ర కరువు లేదు. ఇంటినుంచి సెంటరు దాకా ఉన్న దారిలోనే మనుషులు తప్పిపోతున్నారు.

అరిచిన మేడం గురించి చెప్పేముందు నా సంగతి కూడా చెప్పాలి. నేను పదకొండేళ్లు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కౌన్సెలరుగా చేశాను. ఒకరోజు ఓపీ కిక్కిరిసి ఉంది, మధ్యాహ్నం రెండైనా భోజనం లేదు. నాలుగు నెలల తర్వాత వచ్చిన ఒక ఆటో డ్రైవరు మీద నేనూ అరిచాను, దాదాపు మీ మేడం అన్న మాటలే. అతను తల దించుకుని మందులు తీసుకున్నాడు, తర్వాతి నెల రాలేదు. ఔట్‌రీచ్ అమ్మాయి మూడుసార్లు ఆటో స్టాండుకి వెళ్లి వెళ్లి పట్టుకొచ్చింది. తల్లికి తుంటి విరిగి మంచం పట్టిందట, దగ్గర ఉండే మనిషి లేక ఆటో కూడా ఆపేశాడట. ఆ అమ్మాయికి తెలిసిన సంగతి నాకెందుకు తెలియలేదంటే, నేను అడగలేదు. మీ మేడం తరఫున సమర్థింపు కాదిది. పది మందిలో అలా అరవడం తప్పే.

కాబట్టి మీకున్న దారులు చూద్దాం.

పాత సెంటరుకే వెళ్లడం ఒకటి. ఫైలంతా అక్కడే ఉంది, డాక్టరుకి మీ సంగతి తెలుసు. పేరు తీసేశారేమోనని భయపడకండి, ఎన్ని నెలల తర్వాత వెళ్లినా మందు ఇవ్వననరు. కావాలంటే ఔట్‌రీచ్ వర్కరు తోడు వస్తుంది, తోడు మనిషి ఉంటే అరిచేవాళ్లూ కొంచెం తగ్గుతారు. కానీ ప్రతిసారీ రోజు కూలి పోతుంది. ఏ కారణంతో ఆగిపోయారో అదే మళ్లీ ఎదురవుతుంది. దగ్గు, జ్వరంతో అంత దూరం బస్సులో వెళ్లడం కూడా నాకు ఇష్టం లేదు.

రెండోది గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో, అదే మీరనే పెద్దాసుపత్రిలో ఉన్న ఏఆర్‌టీ సెంటరుకి నేరుగా వెళ్లడం. మీ గ్రీన్ బుక్, అదే సెంటర్లో ఇచ్చిన చికిత్స పుస్తకం, చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఫలానా చోట మందులు తీసుకునేదాన్ని, ఇక్కడికి వచ్చేశాను, ఇన్ని నెలలుగా ఆగిపోయింది. ట్రాన్స్‌ఫర్ కాగితం లేకుండా వెళ్తే కాస్త నసుగుతారేమో. పాత సెంటరుకి ఫోన్ చేసి తెప్పించుకోవడం వాళ్లకి కొత్తేమీ కాదు. కళ్లె పరీక్ష, సీడీ4 అన్నీ ఆ ఆవరణలోనే అయిపోతాయి. దీనికున్న ఇబ్బంది మీరే రాశారు, అన్నకి తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని. అంత పెద్ద ఆసుపత్రిలో మీరు ఏ డాక్టరు కోసం వచ్చారో మొహం చూసి ఎవరికీ తెలియదు. ఆ లైన్లోనే ఎవరైనా కనపడ్డారంటే వాళ్లూ మందుల కోసమే వచ్చి ఉంటారు, వాళ్లూ మిమ్మల్ని చూసి ఉలిక్కిపడతారు. మన రాష్ట్రంలో పెద్దవాళ్లలో వెయ్యికి ఆరుగురికి హెచ్‌ఐవీ ఉందని 2023 అంచనా. దేశం మొత్తంలో చూస్తే వెయ్యికి ఇద్దరు. ఆ లైను చిన్నదిగా ఉండదు.

మూడోది లింక్ ఏఆర్‌టీ సెంటరు. చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో ఉంటాయి, పెద్ద సెంటర్లో కుదురుకున్నవాళ్లకి మందులు అక్కడ ఇస్తారు. అన్న ఊరికి దగ్గర్లో ఉంటే అరపూటలో పని అయిపోతుంది. కానీ చిన్న ఆసుపత్రి అంటే వాచ్‌మన్ నుంచి నర్సు దాకా అందరూ అందరికీ తెలిసినవాళ్లే. దగ్గరా చాటూ రెండూ ఒకచోట దొరకవు. కొందరు దగ్గర ఉందని లింకు సెంటరుకి మారి, నెల తిరక్కుండా పెద్దాసుపత్రికే పెట్టేయమని వచ్చినవాళ్లని చూశాను. ఇది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు.

నన్నడిగితే ఇప్పటికి రెండోదే నయం. అక్కడ ఒక మాట అడగడం మర్చిపోకండి. చికిత్సలో నిలకడగా ఉన్నవాళ్లకి రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇస్తారు. అన్నేళ్లు వైరస్ కనపడని మిమ్మల్ని నెలనెలా తిప్పారంటే మీరు అడిగి ఉండరు, వాళ్లూ చెప్పి ఉండరు. ఇప్పుడు మధ్యలో ఆగింది కాబట్టి మొదట కొన్నాళ్లు నెలకోసారే రమ్మంటారు. ఓర్చుకోండి. వైరల్ లోడ్ మళ్లీ తగ్గాక అడిగి ఇప్పించుకోండి.

ఫోన్లు ఆపేదెలా అన్నారు. పూర్తిగా ఆపేయొచ్చు, అది మీ ఇష్టం. "నాకు ఫోన్ చేయొద్దు, ఇంటికి రావద్దు" అని చెబితే వాళ్లు వినాల్సిందే. సెంటర్లో పేరు రాయించుకునేటప్పుడు ఫోన్ చేయొచ్చా, ఇంటికి రావొచ్చా అని ఒప్పుకోలు తీసుకుంటారు. ఆ రోజు భర్త పోయిన దుఃఖంలో దేనికి సంతకం పెట్టారో మీకు గుర్తుండదు. అన్న అడ్రసు ఇచ్చింది అప్పుడే. దాన్ని ఇప్పుడు మార్చుకోవచ్చు. కానీ అన్నీ మూసేసి కూర్చుంటే, రేపు మీకు లేవలేని జ్వరం వచ్చినా మీ కోసం వెతికే మనిషి ఉండదు. సిమ్ము మార్చాక జరిగిందదే. ఈ మూడు వారాల్లో ఎవరైనా ఫోన్ చేసి ఉంటే దగ్గు సంగతి బయటపడేది.

అందుకని ఎలా రావాలో మీరే చెప్పండి. నా దగ్గర ఒకావిడ పెట్టిన షరతులు ఇప్పటికీ గుర్తున్నాయి. ఫోన్ మధ్యాహ్నం ఒంటిగంటకీ రెండింటికీ మధ్యే చేయాలి. వేరే గొంతు వినపడితే "కుట్టు మిషను క్లాసులు, ఈ నంబరు రమాదేవిదేనా" అని అడిగి పెట్టేయాలి, ఆ ఇంట్లో రమాదేవి ఎవరూ లేరు. మెసేజీలు వద్దు. మాట్లాడాల్సి వస్తే సంత రోజు బస్టాండులో పుస్తకాల కొట్టు దగ్గర. మా ఔట్‌రీచ్ అమ్మాయి ఇవన్నీ తన నోటు పుస్తకంలో రాసుకుని అలాగే పాటించింది. మీకు భోజనం విరామం ఎప్పుడో, ఎక్కడ కలిస్తే ఎవరూ పట్టించుకోరో మీకే తెలుసు. "తారీఖు దాటింది" అన్న మాట మాత్రం ఫోన్లో వాడొద్దని గట్టిగా చెప్పండి. మైక్రోఫైనాన్స్ వాళ్లు ఊళ్ల మీద పడి తిరిగే చోట ఆ మాటకి ఎవరికైనా అప్పే గుర్తొస్తుంది. మీ వదిన తప్పేం లేదు.

ఈ ఏర్పాటు మీద మొత్తం భారం వేయమనీ అనను. ఒక్కో వర్కరు చేతిలో చాలా పేర్లుంటాయి, జీతం అంతంత మాత్రం, మనుషులు మారిపోతుంటారు. ఒక నెల ఫోన్ రాకపోవచ్చు. మీ తారీఖు మీరూ గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు వదిన. ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న, జవాబు నా దగ్గర లేదు. మూడు రకాలుగా ఆలోచించవచ్చు.

చెప్పకుండా ఉండొచ్చు. హెచ్‌ఐవీ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మీ ఒప్పుకోలు లేకుండా డాక్టరు గానీ కౌన్సెలరు గానీ ఔట్‌రీచ్ వర్కరు గానీ మీ అన్నకైనా చెప్పడానికి వీల్లేదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్‌రూమ్ వాడినా అంటుకునేది కాదు కాబట్టి, చెప్పకపోతే వాళ్లకి ద్రోహం చేస్తున్నానేమో అన్న బాధ అక్కర్లేదు. ఒకవేళ టీబీ అని తేలితే ఇంట్లోవాళ్లందరినీ పరీక్షకి రమ్మంటారు. అప్పుడు టీబీ మాట ఒక్కటే చెబితే సరిపోతుంది. అయితే ఈ దారిలో వెళ్లాలంటే ఆ అప్పు కథ మాత్రం ముగించేయాలి. లేని అప్పుకి మీరు ఇప్పటికే వడ్డీ కడుతున్నారు, మీ కూలి మీ చేతిలో లేదు. "ఆ బాకీ తీరిపోయింది, ఇక ఎవరూ రారు" అనండి. చేతిలో నూరు రూపాయలుంటేనే కదా దారిలో ఒక టీ తాగి ఆసుపత్రికి వెళ్లగలిగేది.

అన్నకి ఒక్కడికే చెప్పడం రెండోది. రక్తసంబంధం కాబట్టి మెత్తబడతాడనుకుంటాం. కానీ మీ అన్న వదిన దగ్గర ఏదైనా దాచగల మనిషేనా? అన్న ద్వారా తెలిస్తే, తనకి చెప్పలేదన్న కోపం జబ్బు మీది భయం కన్నా పెద్దదవుతుంది వదినకి.

మూడోది ఇద్దరికీ కలిపి చెప్పడం. ఇంట్లో కాదు, కౌన్సెలరు దగ్గర. కేర్ అండ్ సపోర్ట్ సెంటర్లో ఈ పని చేస్తారు, ముందు మీతో ఒకటి రెండుసార్లు కూర్చుని ఏ మాట ముందు చెప్పాలో కూడా చూస్తారు. మీ వదిన మిమ్మల్ని నిలదీశారు, సరే. గుమ్మంలో నిలబడి మీ తరఫున పోట్లాడిందీ ఆవిడే. "ఆడకూతురు ఏడుస్తుంటే" అన్న మాట ఊరికే రాదు. అయితే అప్పులవాళ్ల మీద లేచిన మనిషి ఈ సంగతి విన్నాకా అలాగే నిలబడుతుందని నేను మాట ఇవ్వలేను. కంచం వేరు చేసిన ఇళ్లు చూశాను, ‘మాత్ర వేసుకున్నావా’ అని రోజూ అడిగే వదినల్నీ చూశాను. ఏ ఇల్లు ఎలా మారుతుందో ముందే పోల్చుకోవడం పదకొండేళ్లలో నాకు అలవడలేదు. ఈ కారణంతో ఉన్న ఇంట్లోంచి గెంటేయడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోకపోయినా ఆ రాత్రి పిల్లల్తో ఎక్కడ పడుకోవాలన్నది చట్టం చూడదు. అందుకే చెప్పాలనుకుంటే ముందు ఒంట్లో కాస్త ఓపిక రానివ్వండి. జ్వరంతో, మందు లేకుండా ఉన్నప్పుడు చెబితే వాళ్ల కళ్లకి కనపడేది జబ్బే. రెండు మూడు నెలలు మందు పడి, మొహం తేరుకున్నాక చెబితే వాళ్ల ఎదురుగా ఉండేది మీరు.

పింఛను గురించి ఒక మూల రాశారు. ఏఆర్‌టీ వాడేవాళ్లకి ఇచ్చేదీ వితంతువులకి ఇచ్చేదీ మన రాష్ట్రంలో ఇప్పుడు ఒకే మొత్తం, నెలకి 4,000, 2024 జూలై నుంచి. రికార్డులో ఆ మాట పడటం ఇష్టం లేకపోతే వితంతు పింఛనుకే దరఖాస్తు పెట్టుకోండి.

పాత సెంటర్లో జరిగినదాని మీద ఫిర్యాదు చేయాలా అన్నది మీ ఓపికని బట్టి. అక్కడి మెడికల్ ఆఫీసరుకి ఒక కాగితం ముక్క రాసినా చాలు. మీరిక అక్కడికి వెళ్లకపోవచ్చు, మీ తర్వాత ఆలస్యంగా వెళ్లే మనిషి ఒకరుంటారు. రాయకపోయినా ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

ముందు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కర్లేదు. గుంటూరు సెంటరు శనివారం ఎప్పటిదాకా ఉంటుందో, దగ్గర్లో కేర్ అండ్ సపోర్ట్ సెంటర్ నంబరు ఏమిటో అడగండి. మాట్లాడాక ఆ నంబరు ఫోన్లోంచి తీసేయండి. శనివారం వెళ్లేటప్పుడు గ్రీన్ బుక్, ఆధార్, ఆ మాత్రల పొట్లం, గ్యాస్ టానిక్ సీసా సంచీలో వేసుకోండి. శనివారందాకా ఆగకుండా వెళ్లాల్సిన పరిస్థితులు కూడా ఉన్నాయి: ఆయాసం వచ్చినా, తలనొప్పి తెరపి లేకుండా ఉన్నా, కళ్లెలో రక్తం కనపడినా ఆ రోజే బయల్దేరండి. లోపలికి వెళ్లగానే ఎన్ని నెలలు మానేశారన్నది కాదు, దగ్గు ఏ తారీఖున మొదలైందో ముందు అది చెప్పండి.